మాడిన గుగ్గిలం

"కావాలనే మాడ్చావా, మాడిపోయిందా?"

బ్రిజిడా ఈ మాట అడిగినప్పుడు జుల్మీర వైను కొట్టు నిండా జనం ఉన్నారు. ఆ రోజు నవంబరులో వచ్చే సావ్ మార్తీన్యు పండగ, కొత్త వైను బానలకు కుళాయి దిగ్గొట్టే రోజు. బ్రిజిడా కొండ మీద తేనెటీగలు పెంచే మనిషి. మైనం దిమ్మలు దింపి వెళ్లిపోదామని వచ్చింది. ఆమెకు వైను అలవాటు లేదు. చలిగా ఉందని ఒక గ్లాసు పుచ్చుకుంది. ఒక గుక్క తాగి, గ్లాసు వాసన చూసి, మూలన వేయించిన చెస్ట్‌నట్లు ఒలుచుకుంటున్న ఫ్లోరివాల్ వైపు తిరిగి అడిగింది.

ఫ్లోరివాల్ పూత మేస్త్రి. మట్టి బానల లోపల గుగ్గిలం పూయడం అతని పని. పూత లేని బాన వైనును తాగేస్తుంది. పూత ఉంటే వైను నిలుస్తుంది గానీ ఆ పూత రుచి కొంత పట్టుకుని బయటికొస్తుంది. అందుకని మా ఊళ్లో వైను బాగుంటే మేస్త్రిని, బాగోకపోతే మేస్త్రినీ అతని నాన్ననీ తలుచుకుంటారు.

"కావాలనే," అన్నాడు ఫ్లోరివాల్.

"అలాగా," అంది బ్రిజిడా, సగం గ్లాసు బల్ల మీద వదిలేస్తూ. "పొగ పెట్టడం నా పని మేస్త్రీ. రోజూ పెడతాను. మనిషి పెట్టిన పొగేదో, చెయ్యి జారి పుట్టిన పొగేదో నాకు తెలుస్తుంది."

"ఆ సంగతి నీ ఈగలతో చెప్పుకో తల్లీ, మమ్మల్ని తాగనీ," అన్నాడు మంగలి అనిసేటు. కొట్టంతా నవ్వింది. ఫ్లోరివాల్ కూడా నవ్వాడు. బ్రిజిడా డబ్బు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె పట్టింది నిజం, అది చెయ్యి జారి పుట్టిన పొగే. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లంతా వేరే ప్రశ్నలు అడిగారు. వారసత్వ సంపద వాళ్లమంటూ ఒకసారి ముగ్గురు కెమెరాతో వచ్చి, "ఈ కళ మీకెలా అబ్బింది?" అని అడిగారు. "వేరే పని దొరకలేదు" అన్నాడు. అది వాళ్లు తమ చిత్రంలో వేయలేదు. దానికి బదులు, రెండు వేల ఏళ్ల నాటి రోమన్ల రహస్యాన్ని ఈ మౌన శిల్పి తన చేతుల్లో దాచుకున్నాడని వేశారు. ఫ్లోరివాల్ మౌని కాడు, వాళ్లతో మాట్లాడాలనిపించలేదంతే. రోమన్లు గుగ్గిలం పూసే ఉండొచ్చు. మాడ్చి పూశారని మాత్రం ఎవరూ అనలేదు.

మాడిన సంగతి 1987 జూలైది. ఆ వసంతంలోనే వాళ్ల నాన్న జసింతు పోయాడు. ఫ్లోరివాల్‌కు ఇరవై ఏడేళ్లు. ఒంటరిగా పట్టిన మొదటి పని అది. అప్పట్లో కొట్టు జుల్మీర తండ్రి బెంతుది. ఆ కొట్టులో ఆరు బానలు, అన్నీ మనిషి ఎత్తు, అన్నిటికీ పేర్లున్నాయి. అందరికంటే లావైనది బిషపు. ఒక పక్కకి ఒరిగి కాల్చినప్పుడే వంకరపోయినది కుంటిది. ఆ రోజు వంతు బిషపుది.

బానను పెరట్లో రాళ్ల మీద బోర్లించి, కింద ద్రాక్ష మోళ్లు మండించి, పాత పూత కరిగి కారేదాకా కాల్చాలి. పక్క పొయ్యి మీద పైన్ చెట్టు బంక కాచి చేసిన గుగ్గిలంలో మైనం, కాస్త ఆలివ్ నూనె కలిపి కరిగించాలి. బాన చెయ్యి ఆననివ్వనంత వేడెక్కాక, దాన్ని పక్కకు వాల్చి, కరిగిన గుగ్గిలం పోసి, ఆరుగురు మగాళ్లు నేల మీద అటూ ఇటూ దొర్లించాలి. కష్టమైన పనే గానీ ఇందులో రహస్యమేం లేదు. గుగ్గిలం కరగాలి, మరగకూడదు. మేస్త్రి చేయాల్సిందల్లా పొయ్యి దగ్గరే ఉండి చూడడం.

ఫ్లోరివాల్ పొయ్యి దగ్గర లేడు. గోడ దగ్గర ఉన్నాడు.

లిస్బన్‌కు ఆగ్నేయాన ఉన్న మా అలెంతేజు సీమలో మగవాళ్లు గుంపుగా పాడతారు. ఒకడు ఎత్తుకుంటాడు. అతని చరణం అయ్యాక ఇంకొకడు పై గొంతుతో అందుకుంటాడు. అప్పుడు అందరూ కలుస్తారు. ఎత్తుకునేవాళ్లు ఊరికి పదిమంది. పై గొంతు మాత్రం మా ఊరు ఫొంతిసేకాలో ఒక్క ఫ్లోరివాల్‌ది. ఆ మధ్యాహ్నం గోడ అవతలి వీధిలో నలుగురైదుగురు భుజాలు కలుపుకుని నడుస్తూ పాట ఎత్తుకున్నారు. మొదటివాడి చరణం అయిపోయింది. అందుకునేవాడు లేడు. ఆ ఖాళీని ఓర్చుకోగల మగాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. ఫ్లోరివాల్ గోడ దగ్గరికి పోయి, ఇవతల నిలబడే అందుకున్నాడు.

అందుకున్నాక మధ్యలో వదలడానికి లేదు. పైగా మా పాటల నడక ఎంత తాపీ అంటే, ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య మనిషి పెళ్లి చేసుకుని రావచ్చు. పాట అయ్యేసరికి గుగ్గిలం కాగు అంటుకుని నల్లటి పొగతో మండుతోంది. తడి గోనె కప్పి ఆర్పాడు. మెరవాల్సిన గుగ్గిలం నల్లగా, మందంగా, చచ్చినట్టుంది. వేరే గుగ్గిలం చేతిలో లేదు. అది సముద్రం వైపు పైన్ తోటల నుంచి రావాలి. బాన కాలిపోతోంది. చల్లారనిచ్చి మళ్లీ కాలిస్తే పగులుతుంది. దొర్లించడానికి ఆరుగురూ అప్పుడే లోపలి నుంచి వచ్చి చొక్కాలు విప్పి నిలబడ్డారు. బెంతు గుమ్మంలో ఉన్నాడు.

"అయిందా జసింతు కొడకా?"

"అయింది మామా," అన్నాడు ఫ్లోరివాల్. పోసేశాడు.

ఆ నవంబరులో బిషపుకు కుళాయి కొట్టినప్పుడు అతను ఊళ్లో లేకుండా పోదామనుకున్నాడు. పోలేదు. బెంతు మొదటి గ్లాసు తాగాడు. బెంతు పడుకున్నప్పుడు తప్ప నోట్లో సిగరెట్టు తీయని మనిషి. నాలిక ఏనాడో మొద్దుబారింది. అలాంటి నాలికకు ఇన్నేళ్ల తర్వాత ఏదో తగిలింది. కళ్లు పెద్దవి చేసి, "ఒరే, ఇందులో పొగాకు కూడా ఉంది! రెండు ఖర్చులూ ఒకే గ్లాసులో!" అన్నాడు. జసింతు కొడుకు కొత్త పూత కనిపెట్టాడని ఆ సాయంత్రమే ఊరంతా చెప్పాడు. మిగతావాళ్లు మొహం చిట్లించారు. తర్వాత పంది కొవ్వు వేపుడుతో పాటు తాగి చూసి, చిట్లించడం మానేశారు. మరుసటి ఏడు "ఆ మాడు వైను ఏ బానలోది?" అని అడిగి మరీ పోయించుకున్నారు.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. పిలిచి మెచ్చుకుంటున్నవాణ్ని ఆపి, అది పొరపాటు అని చెప్పడానికి ఇరవై ఏడేళ్ల వయసు చాలదు. పైగా రెండో బాన కూడా అలాగే పూయమన్నారు. మాడకుండా చూడడం వాళ్ల నాన్న నేర్పాడు. మాడ్చడం ఎవరూ నేర్పలేదు. అతనికి తెలిసిన కొలత ఒక్కటే, ఆ పాట. కాగు ముందు నిలబడి, ఆ పాట మొత్తం లోలోపల పాడుకుని, చివరి పల్లవి తర్వాత గోనె కప్పాడు. అదే రుచి వచ్చింది. అప్పటినుంచి ప్రతి వేసవిలో వంతొచ్చిన బాన దగ్గర అదే పాట. ఆరు బానలూ మాడాయి. తర్వాత వీధిలో ఎవరైనా ఆ పాట ఎత్తుకుంటే ఫ్లోరివాల్ తన గొంతు బాగోలేదని తప్పుకునేవాడు.

బెంతు పోయాక కొట్టు జుల్మీర చేతికొచ్చింది. ఆమె కాలంలో లిస్బన్ నుంచి ఒక సీసాలాయన రావడం మొదలుపెట్టాడు. ఏటా నాలుగు బానల వైను కొని, సీసాల్లో నింపి, మీద చీటీ అంటించి అమ్ముకుంటాడు. చీటీ మీద 'ఈ నేల గుండెలోని పొగ' అని రాయించాడు. ఈ నేల గుండెలో రాళ్లున్నాయి. పొగ ఒక మేస్త్రి గోడ దగ్గర పాడినందువల్ల వచ్చింది. వైను గుణం మట్టిలో ఉంది, ఎండలో ఉంది, తాతల ఆత్మలో ఉంది అని చెప్పేవాళ్లు ఒక్కసారైనా కొట్లోకొచ్చి జుల్మీర తెడ్డు వేయడం చూడాలి. పులిసేటప్పుడు తొక్కల తెట్టు పైకి తేలుతుంది. దాన్ని పూటపూటా కిందికి తోయకపోతే బాన పగులుతుంది. ఆమె కోపంగా ఉన్న ఏడు గట్టిగా తోస్తుందనీ, ఆ ఏడు వైను ముదురుగా దిగుతుందనీ అనిసేటు అంటాడు. ఆమె కోపంగా లేని ఏడు ఇంతవరకు రాలేదు కనుక ఆ సంగతి తేల్చడానికి వీల్లేదు.

బ్రిజిడా ప్రశ్న తర్వాత ఫ్లోరివాల్ మారిపోయాడని కథల్లో రాస్తారు. అతనేం మారలేదు. కొత్తిమీర, వెల్లుల్లి దంచి వేడినీళ్లు పోసిన రొట్టె పులుసులో రెండు గుడ్లు కొట్టించుకుని తినడం, మూడు చక్రాల బండి మీద గుగ్గిలం తెచ్చుకోవడం, అంతా మామూలే. ఒక్క ఆలోచనే కొత్త. యాభై అయిదేళ్లు వచ్చాయి, ఊళ్లో తన పేరు చెప్పి తాగేదంతా తన తప్పే. నాన్న నేర్పిన పని ఒక్కసారి కూడా ఎవరి నోటికీ వెళ్లలేదు. ఒక్క బాన సరిగ్గా పూయాలి. దాని వైను ఊరు తాగాలి. ఇది ఫ్లోరివాల్ పూత అనాలి. అతను కోరుకున్నది అంతే.

మరుసటి వేసవిలో జుల్మీరతో అన్నాడు: "ఈసారి కుంటిదాని వంతు కదా. దీన్ని మా నాన్న పద్ధతిలో పూస్తా."

"మీ నాన్న పద్ధతి మీ నాన్నతో పోయింది. నాకు సీసాలాయన పద్ధతి కావాలి."

"ఒక్క బానే కదా."

"ఒక్క బాన అంటే ఎంతో తెలుసా నీకు? పూతపని చేసుకునేవాడివి, నీకేం పోతుంది? పోయేది నాకు. మామూలుగా చెయ్యి మేస్త్రీ, వేషాలెయ్యకు."

"సరే," అన్నాడు. ఎనభై ఏడులో గుమ్మంలో ఉన్న బెంతుతో అన్నది కూడా దాదాపు ఇలాంటి మాటే. ఈసారి మాత్రం అబద్ధం కావాలనే ఆడాడు. కుంటిదాన్ని కాల్చి, కాగు పక్కనుంచి కదలకుండా, పాట జోలికి పోకుండా, గుగ్గిలం తేనెలా జారుతున్నప్పుడు దించి పోశాడు. దొర్లించినవాళ్లకు తేడా తెలియలేదు. పూత ఆరాక లోపలికి దీపం దించి చూస్తే గోడలు మెరిశాయి. ఆ మెరుపు చూసినవాడు అతనొక్కడే.

నవంబరులో పండగకు రెండ్రోజుల ముందు సీసాలాయన వచ్చాడు. బిషపు దగ్గర తాగి తలూపాడు. తర్వాతి మూడింటి దగ్గరా తలూపాడు. కుంటిదాని దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"వైను," అన్నాడు ఫ్లోరివాల్. పిలవకుండానే వచ్చి ఉన్నాడు.

"ఇందులో పొగ లేదే. ఈ బానకేమైంది?"

జుల్మీర కూడా గ్లాసు పట్టి తాగింది. తాగి, ఫ్లోరివాల్‌నే చూస్తూ అడిగింది: "ఏమైంది మేస్త్రీ?"

"ఏమీ కాలేదు. మిగతా అయిదింటికి అయింది. దీనికి ఏమీ కాలేదు."

సీసాలాయనకు అర్థం కాలేదు. ఇలాంటిది తనకు అక్కర్లేదన్నాడు. పొగ లేని ఇలాంటి వైను లిస్బన్‌లో ప్రతి కొట్టులోనూ దొరుకుతుందన్నాడు. ఆఖరుదాన్ని కూడా రుచి చూసి, కుంటిది వదిలేసి మిగతా అయిదూ రాయించుకున్నాడు. మామూలుగా నాలుగు కొనేవాడు, ఆ ఏడు పోటీగా ఇంకెవరో వస్తున్నారని విని అయిదు తీసుకున్నాడు. అతని బండి మలుపు తిరిగాక జుల్మీర తలుపు దగ్గరికేసింది. లోపల అనిసేటు కూడా ఉన్నాడు గానీ అతన్ని కొట్టులో సామానుగానే లెక్కేస్తారు.

ఫ్లోరివాల్ అంతా చెప్పాడు. పాట, గోడ, కాగు, గోనె, జుల్మీర నాన్న గుమ్మంలో నిలబడడం. ఎక్కువసేపు పట్టలేదు. ఇన్నేళ్లు మోసినదానికి అంత తక్కువ మాటలు సరిపోవడం అతనికే వింతగా అనిపించింది.

"అయితే మాడింది," అంది జుల్మీర.

"మాడింది."

"మాడితే ఏంటి, మాడ్చితే నాకేంటి? మా నాన్నకు నచ్చింది, ఊరికి నచ్చింది, లిస్బన్‌కి నచ్చింది. ముప్ఫై ఏళ్లుగా నీ తప్పు అమ్ముకుని బతికాను. ఇప్పుడు నీ ఒప్పు పట్టుకుని చావమంటావా?"

"ఒక్కసారి సరిగ్గా తాగి చూడు జుల్మీరా. తొందర లేకుండా."

"తాగాను. బాగానే ఉంది. బాగున్నది కొనేవాడేడీ?"

అనిసేటు గ్లాసు దించి, "అయినా కొంపాద్రె," అన్నాడు, మా వైపు నేస్తాన్ని పిలిచే మాటతో, "కాగు అంటుకున్నా పాట వదల్లేదన్నమాట. మధ్యలో పరిగెత్తి ఉంటే ఈ ఊళ్లో నీకు గడ్డం గీసేవాణ్ని కాను."

ఆ రోజు ఫ్లోరివాల్‌కు దొరికిన మెచ్చుకోలు అది. తిట్టేవాడుంటే తిట్లు తిని తేలిక పడేవాడు. క్షమించేవాడు ఉన్నా సరిపోయేది. విన్న ఇద్దరిలో ఒకరికి అమ్మకం ముఖ్యం, ఇంకొకరికి పాట ముఖ్యం. అతని తప్పు ఎవరికీ తప్పుగా తోచలేదు.

పండగనాడు కుళాయి కొట్టడానికి మిగిలింది కుంటిదొక్కటే. ఊరు తాగక ఏం చేస్తుంది? తాగుతూ తిట్టింది. ఆసుపత్రి వైను అన్నారు. కన్యాస్త్రీల వైను అన్నారు. "దీనికంటే మా ఆవిడ కన్నీళ్లు ఘాటు" అని ఒకాయన అంటే, పక్కనే ఉన్న వాళ్లావిడ "ఇంటికి రా, ఘాటు చూపిస్తా" అంది. క్రిస్మస్‌కు తిట్లు తగ్గాయి. జనవరిలో ఉప్పు చేప కూరతో ఇది మాడు వైనుకంటే బాగుంటుందని ఒకరిద్దరు కనిపెట్టారు. పంది కొవ్వుతో పొగ, చేపతో ఇది అని అనిసేటు గడ్డాలు గీస్తూ సిద్ధాంతం చేశాడు. ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ వచ్చేసరికి కుంటిది అడుగంటింది. వచ్చే ఏడు దీన్ని సీసాలాయనకు ఇవ్వొద్దు, ఊరి కోసమే ఉంచాలని జుల్మీర మీద పడ్డారు.

ఇంతవరకు ఫ్లోరివాల్ అనుకున్నట్టే నడిచింది. రోజూ సాయంత్రం కొట్టుకొచ్చి మూలన కూర్చునేవాడు. ఒక రోజు ఎవరో పక్క ఊరి చుట్టం గ్లాసు ఎత్తి, "ఇంత శుభ్రంగా ఎలా వచ్చింది?" అని అడిగాడు. ఫ్లోరివాల్ తలెత్తాడు.

"బాన వంకర కదండీ," అని చెప్పాడు అనిసేటు. "ఒరిగి ఉంటుంది. మడ్డి అంతా ఒక మూలకి జారిపోతుంది. కుంటిదాని గొప్ప అది."

"ఆ బాన ముప్ఫై ఏళ్లుగా వంకరగానే ఉందిగా!" అన్నాడు ఫ్లోరివాల్.

"ముసలిదైంది కొంపాద్రె. ఇప్పుడు ఇంకా బాగా ఒరిగింది."

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది హాస్యం కాదు. అప్పటికే ఊరంతా కుంటిదాని వైను అంటోంది. ఫ్లోరివాల్ వైను అంటే మాత్రం ఇప్పటికీ మాడుదే. పద్ధతి, పాత్ర, మనిషి అని మనం వరసగా చెబుతాం గానీ, తాగేవాడు ఆ మూడింటిలో తనకు కళ్లెదుట కనబడేదాన్నే నమ్ముతాడు. బాన కనబడుతుంది. బాన లోపలి పూత ఎవరికీ కనబడదు. ఫ్లోరివాల్ రెండుసార్లు వాదించాడు. మూడోసారి ఊరవేసిన ఆలివ్‌ల వైపు చెయ్యి చాచాడు.

తర్వాతి వేసవికి బిషపు వంతు. జుల్మీరకు ఇంకా కోపం తగ్గలేదు. మళ్లీ ఏ వేషం వేస్తాడోనని పది మైళ్ల అవతల నుంచి ఇంకో మేస్త్రిని పిలిపించింది. మాడ్చి పూయమంది. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మాడకుండా చూసుకోవడమే అమ్మా నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని. ఎంతసేపు మాడ్చాలి?"

"ఒక పాట అంత."

"ఏ పాట?"

జుల్మీరకు తెలియదు. ఏ పాటో ఫ్లోరివాల్ చెప్పలేదు, ఆమె అడగలేదు. వచ్చినాయన తనకు తెలిసినంత మాడ్చి ఒక చెంచాడు చూపించాడు. అది బొగ్గు. ఆయన్ని భోజనం పెట్టి పంపేసి, జుల్మీర మూడు చక్రాల బండి ఉన్న ఇంటికి స్వయంగా నడిచి వెళ్లింది.

"రేపు పొద్దున రా మేస్త్రీ. బిషపు."

"మాడ్చాలా?"

"మాడ్చాలి."

"మరి కుంటిది?"

"దాన్ని అలాగే ఉండనీ. ఊరికి కావాలట."

"అలాగే ఉండాలంటే మళ్లీ వంతొచ్చినప్పుడు నేనే పూయాలి. మాడకుండా."

"పూద్దువుగానిలే. దాని వంకర దానికి ఉంది, నువ్వు పాడుచెయ్యకుంటే చాలు."

మర్నాడు ఫ్లోరివాల్ కాగు ముందు నిలబడి పాట మొత్తం పాడాడు, ఈసారి బయటికే. గోడ అవతల ఎవరో కలిశారు. బిషపు పూత కూలి నూట ఎనభై యూరోలు జుల్మీర ఆ సాయంత్రమే లెక్కపెట్టి చేతిలో పెట్టింది. కుంటిదాని నిరుటి పూత కూలి నూట యాభై యూరోలు ఇంకా ఇవ్వలేదు.